మిరప సంచుల్లో దుప్పట్లు

నలభై గోనెసంచులు దమ్మిడీ ఖర్చు లేకుండా సంపాదించాను. చేతనైతే ఇంకెవరినైనా సంపాదించమనండి! కొత్త సంచుల ధర విని కమిటీ వాళ్ళంతా నోళ్ళు వెళ్ళబెడుతుంటే, నేను లేచి తిన్నగా మిర్చియార్డుకు వెళ్ళాను. తెలిసిన కమీషన్ వ్యాపారిని పట్టుకుని, ఆయన కూతురి పెళ్ళికి మా కొట్టు నుంచి వెళ్ళిన కందిపప్పు ఎలా ఉడికిందో గుర్తుచేసి, పాత మిరపకాయల సంచులు రిక్షాలో వేయించుకొచ్చాను. కొట్లో పుట్టి పెరిగిన బుద్ధి. బేరం గెలిస్తే చాలు, ఏం గెలిచామో తర్వాత చూసుకోవచ్చు.

ఆ సంచులు ఎందుకంటే, ఎనభైల నడుమ ఒక ఎండాకాలంలో నల్లమల లోపల, దోర్నాల దాటి ఇంకా చాలా దూరంలో, ఒక చెంచుగూడెం తగలబడింది. గుడిసెలతోపాటు ఒంటిమీది గుడ్డ తప్ప అంతా బూడిదైంది. వాళ్ళు ఎలాగో మళ్ళీ గుడిసెలు వేసుకున్నారు. ఆ సంగతి గుంటూరు చేరి, మా బజారు వర్తకులం కమిటీ వేసుకుని, చందాలు పోగుచేసేసరికి చలికాలం నడినెత్తికొచ్చింది. ప్రత్తిపాడు నుంచి వెళ్ళి ఆ గూడెంలో బడి నడుపుతున్న క్రైస్తవ పంతులు ఒకాయన మాకు ఉత్తరం రాశారు. పిల్లలు నెగళ్ళ పక్కన పడుకుంటున్నారు, దగ్గులతో నిద్రలు లేవు, దుప్పట్లు పంపండి, త్వరగా. అంతే. ఆయన ఇంకేమీ అడగలేదు.

మేం మాత్రం బ్యానరు మీద ఎవరి పేరు ముందుండాలని మూడు సాయంత్రాలు పోట్లాడుకున్నాం. తీరా దుప్పట్లు కొన్నాక వాటిని మూటకట్టడానికి సంచులు కావలసివచ్చాయి. వాటిని నేను దులిపించాను. ఒకదాంట్లో తల దూర్చి వాసన కూడా చూసి, "శుభ్రంగా ఉన్నాయయ్యా" అని తీర్పిచ్చాను. గుంటూరువాడి ముక్కుకి మిరప ఘాటు తెలుస్తుందా? పుట్టినప్పటినుంచీ పీల్చే గాలే అది. తుమ్మొస్తే జలుబనుకుంటాం గాని మిరపకాయని అనుమానించం. బొచ్చు దుప్పట్లు కూరి, మూతులు కుట్టించి, లారీ ఎక్కించాం. రెండు రోజుల కుదుపులకి, గోనె నేతలో దాక్కున్న తొక్కల పొడంతా ఆ బొచ్చులోకి దిగింది.

గూడెం చేరేసరికి పొద్దెక్కింది. పంతులుగారు పరుగున ఎదురొచ్చారు.

"ముందు పంచేయండి బాబూ. ఆ చంటిదానికి తెల్లవార్లూ ఆయాసమే" అంటూ ఒక తల్లిని చూపించారు. ఆమె చిరిగిన కొంగులో ఆరు నెలల పిల్ల ఎగశ్వాసతో ఉంది.

"ఉండవయ్యా పంతులూ" అన్నారు మా అధ్యక్షులు. ఆయన పొగాకు వ్యాపారి. "ఫోటోగ్రాఫరు మార్కాపురం నుంచి రావాలి. చందాలిచ్చినోళ్ళకి ఏం చూపెట్టమంటావ్, నీ ఉత్తరమా?"

మూడు గంటలు ఆగాం. దుప్పట్లు పక్కనే ఉన్నాయి, పిల్ల దగ్గుతోంది. నేను ఆ సంచుల మీదే దర్జాగా కూర్చుని పులిహోర పొట్లం విప్పాను. రుచిగానే ఉంది. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే చెయ్యి ఒప్పుకోవడం లేదు.

ఫోటోగ్రాఫరు వచ్చాక మొదటి దుప్పటి ఆ పిల్లకే. అధ్యక్షులు స్వయంగా, నిండుగా కనబడాలని ముఖందాకా కప్పారు. ఫోటో తీశారో లేదో, పిల్ల కెవ్వుమంది. ఫ్లాషు వెలుగుకి జడిసిందనుకున్నాం. మిగతావి పంచేశాం. దుప్పట్లు భుజాన వేసుకున్న మగవాళ్ళు ఒళ్ళు గోక్కోవడం మొదలుపెట్టారు. ముసలివాళ్ళు దగ్గి దగ్గి కూలబడ్డారు.

"ఏంది సామీ, కారం చల్లి తెచ్చినారా? బిడ్డ కళ్ళు మండిపోతుండాయి!" అని ఆ తల్లి అరిచింది.

"కొత్త దుప్పటి అట్టాగే పొడుస్తుందమ్మా. మీకలవాటు లేదు" అని అధ్యక్షులు నవ్వి, నా వైపు తిరిగారు. "ఏవయ్యా, అంతేగా?"

అప్పటికే దుప్పటి మడతలో ఒక మిరపగింజ నాకు కనబడింది. అయినా, "అంతేనండి" అన్నాను.

పంతులుగారు నా దగ్గరికొచ్చారు. ఒక దుప్పటి తీసి, చెమట పట్టిన నా మెడకి చుట్టి, గట్టిగా రుద్దారు. నిప్పు కణికలు పోసినట్టయింది.

"ఇప్పుడు చెప్పండి, ఏందిది?"

"మిరప సంచులు. నేనే తెచ్చాను."

"ఒరేయ్, పరువు తీశావు గదరా!" అన్నారు అధ్యక్షులు. ఆయన పరువు, చూడండి! పిల్ల కళ్ళు కాదు. వెంటనే సర్దుకుని, "ఉతుక్కుంటార్లే. వాగుంది గదా" అన్నారు.

"వాగు ఎండిపోయిందండి. ఇసకలో చెలమ తవ్వుకుని, ఊరిన నీళ్ళు తాగుతున్నారు" అన్నారు పంతులుగారు.

ఇంత దూరం వచ్చిన మాలో ఒక్కడైనా, బేరగాణ్ణని చంకలు గుద్దుకునే నాతో సహా, మీకు నీళ్ళెక్కడివి అని అడగలేదు. ఆ తల్లి మా మాటలు వినడం లేదు. నేలమీద కూర్చుని, తన చనుబాలు పిండి పిల్ల కళ్ళు కడుగుతోంది.

లారీ వెళ్ళిపోయింది. గూడెం పెద్ద మర్యాదగా ఇచ్చిన తేనెసీసాని అధ్యక్షులు ఒళ్ళో పెట్టుకుని మరీ వెళ్ళారు. నేను మొహం చెల్లక ఉండిపోయాను. దుప్పట్లు ఉతకడానికి మూడు రోజులు, ఆడవాళ్ళతోపాటు కొండ అవతలి లోయనుంచి నీళ్ళు మోశాను. నేను ఒక కుండకే ఆయాసపడుతుంటే వాళ్ళు రెండేసి మోస్తూ, "సామికి మెడ మండుతుండాదంట, నెమ్మదిగా నడవండే" అని ఒకరినొకరు పొడుచుకుని నవ్వారు. దుప్పట్లు ఉతికిన చేతులు వాళ్ళవీ నావీ ఒకేలా మండాయి.

ఇక లెక్క మొత్తం ఇదీ. మేమిచ్చినవి దుప్పట్లు. అందులో సగానికి పైగా పనికొచ్చాయి. మిగతావి ఎంత ఉతికినా ఒంటికి పడక గుడిసెల కప్పులకెక్కాయి. వాటికి గూడెం పెట్టిన ఖర్చు మూడు రోజుల నడక, అవి ఆరేదాకా మూడు రాత్రుల చలి, ఒక సీసా తేనె, ఒక తల్లి పాలు. పిల్ల బతికింది. అది మా ఖాతాలో వేసుకునేది కాదు.