ఫోన్ చెయ్యని పెట్టుబడి

మత్తు డాక్టరుకు సొంత ఆస్పత్రి ఉండదు. ఎక్కడ ఆపరేషన్ ఉంటే అక్కడికి పరుగెత్తడమే. తొంభైల చివర్లో గుడివాడ చుట్టుపక్కల నాలాంటివాళ్ళం వేళ్ళమీద లెక్కపెట్టేంత మందిమి. పొద్దున్నే గుడివాడలో అపెండిక్సు, పదకొండింటికి బందరులో హెర్నియా, అక్కణ్ణుంచి చల్లపల్లి మీదుగా అవనిగడ్డ చేరేసరికి ఓ సిజేరియన్ నాకోసం ఎదురుచూస్తూ ఉండేది. పాత మారుతి కారు, వెనక సీట్లో మందుల పెట్టె, పక్క సీట్లో చక్కెరకేళీలు. నా మధ్యాహ్న భోజనం అవే. మా ఆయన గుడివాడలో కాలేజీ లెక్చరరు. "నీ మొహం చూడాలంటే నేను కూడా ఏదో ఒకటి కోయించుకోవాలేమో" అని సాధించేవారు. నిజం చెప్పొద్దూ, ఆ పరుగు నాకు మహా సరదాగా ఉండేది!

ఆ రోజుల్లో నాకు ఒకే ఒక్క కోరిక. మానిటరు. గుండె కొట్టుకోవడం, బీపీ, రక్తంలో ఆక్సిజన్, మూడూ ఒకే తెరమీద చూపించేది, కరెంటు లేకపోయినా బ్యాటరీతో నడిచేది, చేత్తో మోసుకెళ్ళి కార్లో పెట్టుకోగలిగేది. పెద్ద ఊళ్ళలో ఉండేవి. దివిసీమ నర్సింగ్ హోముల్లో మాత్రం నా వేలు రోగి నాడిమీద, నా కళ్ళు రోగి పెదవులమీద. పెదవులు ఎర్రగా ఉంటే ఆక్సిజన్ అందుతున్నట్టు, నీలంగా మారితే కొంప మునుగుతున్నట్టు.

ఓ వానాకాలం మధ్యాహ్నం అవనిగడ్డలో ఆపరేషన్ సగంలో ఉండగా మబ్బు కమ్మేసి కరెంటు పోయింది. జనరేటరు మొరాయించింది. ఆయా టార్చిలైటు వేసింది. ఆ పచ్చటి వెలుగులో పేషెంటు మొహమంతా పసుపు రాసినట్టు ఒకటే రంగు. పెదవులు ఎలా ఉన్నాయో ఎంత వంగి చూసినా తెలియడం లేదు. అనుమానం వచ్చి ఆక్సిజన్ గొట్టం తడిమితే మెలిక పడి ఉంది! వెంటనే సరిచేశాను. ఆవిడ బతికి బట్టకట్టింది, నాలుగో రోజు ఇడ్లీ తింటూ నన్ను చూసి నవ్వింది కూడా. నాకే చాలా రోజులు ముద్ద దిగలేదు. ఆ అనుమానం ఇంకాస్త ఆలస్యంగా వచ్చి ఉంటే? ఆ రోజే పంతం పట్టాను, మానిటరు కొని తీరాల్సిందేనని. ధర చూస్తే మా కారుకంటే ఎక్కువ. ఇంటి అప్పు అప్పటికే నెత్తిమీద ఉంది, ఇంకో అప్పు మాటెత్తితే మా ఆయన అన్నం మానేసేలా ఉన్నారు.

సరిగ్గా అప్పుడే మా జిల్లాకు షేర్ల పిచ్చి పట్టింది.

అవనిగడ్డలో నేను ఎక్కువగా పనిచేసింది ఒక సర్జనుగారితో. నందివాడలో వరి పండించే కుటుంబం వాళ్ళది. మా ఆయన్ని 'బావా' అని పిలిచేవారు కాబట్టి నేను చెల్లెమ్మని, ఆయన నాకు అన్నయ్యగారు. చెయ్యి బంగారం. నోరు మాత్రం క్షణం ఊరుకోదు. పొట్ట కోస్తూ కోస్తూ షేర్ల కబుర్లు మొదలెట్టేవారు.

"చెల్లెమ్మా, నే చెప్పిన కంప్యూటర్ కంపెనీ కొన్నావా లేదా?"

"మొన్న చెప్పిందాండీ?"

"మొన్నటిది పాతబడిపోయిందమ్మా! ఇది కొత్తది. నెల తిరక్కుండా రెట్టింపవుద్ది, చూస్తా ఉండు. సిస్టర్, ఆ కత్తెర ఇలా ఇవ్వు."

బందరు కోనేరు సెంటరు దగ్గర ఓ మేడమీద షేర్ల బ్రోకరు కొత్తగా ఆఫీసు తెరిచాడు. లోపల కాలు పెట్టే చోటు ఉండేది కాదు. కోర్టు నుంచి నల్లకోటు విప్పకుండా వచ్చిన ప్లీడర్లు, రొయ్యల చెరువులవాళ్ళు, మేష్టర్లు, అందరి కళ్ళూ ఒకే కంప్యూటర్ మీద. అంకె మారితే చాలు, ఒకటే కేకలు! హెర్నియా పేషెంటు మత్తు దిగి "అమ్మా" అని మూలిగితే చాలు, నేను చెప్పులు వేసుకుని ఆ మెట్లు ఎక్కేసేదాన్ని. కొన్నాను. పెరిగింది! ఇంకోటి కొన్నాను. అదీ పెరిగింది! అబ్బో, నా అంత తెలివైనది కృష్ణాజిల్లాలో లేదనుకున్నాను. విజయవాడ నుంచి మానిటర్లు అమ్మే ఆయన్ని పిలిపించి, మా హాల్లో బల్లమీద పెట్టించి, మా ఆయన వేలికి క్లిప్పు తగిలించి చూశాను. టిక్కు టిక్కుమని ఆ ఆకుపచ్చ గీత నడుస్తుంటే ఒళ్ళు పులకరించింది. "వచ్చే నెల తీసుకుంటానండీ, ఇంకెవరికీ ఇవ్వకండి" అని మాట కూడా ఇచ్చేశాను.

ఆ వచ్చే నెలలోనే జరిగింది. అవనిగడ్డలో పెద్ద కేసు. పేగు మెలిక పడిన రైతు. నేను తలదగ్గర కూర్చుని ఊపిరి అందించే సంచీ నొక్కుతున్నాను, అన్నయ్యగారి చేతులు రెండూ రైతు పొట్టలో ఉన్నాయి. ఆయా తలుపు సందులోంచి తల పెట్టింది.

"అమ్మా, బందరు నుంచి ఫోను. షేర్లు పడిపోతున్నాయంట. అమ్మమంటారా అని అడుగుతున్నాడు."

"అమ్మెయ్యమను!"

ఆయా పరుగెత్తింది, మళ్ళీ వచ్చింది. "ఏవి అమ్మాలంటమ్మా?"

"అన్నీ!"

"నావి కూడా!" అని అన్నయ్యగారు అరిచారు. అంతలోనే, "వద్దొద్దు, నావి ఉంచమను. సాయంత్రానికి లేస్తాయి. కాదులే, సగం అమ్మమను!"

ఆయా వెళ్ళింది, వచ్చింది. "కొనేవాళ్ళు దొరకట్లేదంట. ఇంకా తగ్గించి అమ్మాలంట. ఎంతకమ్మాలో చెప్పమంటున్నాడు."

సరిగ్గా అప్పుడే రైతు బీపీ జారడం మొదలైంది. నా వేలికింద నాడి సన్నబడిపోతోంది. "ఫోను పెట్టెయ్యవే తల్లీ!" అని గావుకేక పెట్టాను. ఆ తర్వాత సెలైను వేగం పెంచడం, మందులెక్కించడం, రక్తం తెప్పించడం, ఇంకేమీ తెలియదు. రైతు నిలబడ్డాడు. మేము బయటికొచ్చి ఫోను చేసేసరికి మార్కెట్టు మూసేశారు. తర్వాత నాలుగు రోజులూ అదే వరస, అమ్ముదామంటే కొనేవాడు లేడు. నా మానిటరు గంగలో కలిసిపోయింది. చల్లపల్లి దాటాక రోడ్డు పక్కన కారాపి, స్టీరింగుమీద తలపెట్టి ఏడ్చాను. విజయవాడ ఆయనకు ఫోన్ చేసి 'ఇప్పుడొద్దండి' అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మా ఆయన చెప్పారు.

ఏడుపు తగ్గాక కోపం వచ్చింది. నాకు కోపం వస్తే మామూలుగా ఉండదు. కోనేరు సెంటరు మెట్లెక్కి బ్రోకరు మీద విరుచుకుపడ్డాను.

"మనిషి ప్రాణం చేతిలో పెట్టుకున్నప్పుడు ఫోన్ చేస్తే నేనేం చెయ్యనండీ? వదిలేసి రానా?"

"అందుకే మేడం, డాక్టర్లకి ఇది కుదరదండీ," అన్నాడాయన, పాపం మెల్లగానే. "దీనికి పొద్దస్తమానం కళ్ళు ఇక్కడే ఉండాలి."

"నా కళ్ళు ఇంకోచోట ఉండాలి కదా! నాతో పనిలేనిది ఏమీ లేదా?"

ఆయన ఇష్టంలేనట్టు గడ్డం గోక్కున్నాడు. "ఇండెక్స్ ఫండ్ అని ఒకటి ఉందనుకోండి. పెద్ద కంపెనీలన్నీ అందులో కొద్దికొద్దిగా ఉంటాయి. ఇది కొందామా, అది అమ్ముదామా అని అక్కడెవరూ బుర్ర బద్దలుకొట్టుకోరు. ఖర్చు తక్కువ. మార్కెట్టు ఎంత లేస్తే అంత లేస్తుంది, ఎంత పడితే అంత పడుతుంది. ఏళ్ళ తరబడి ఊరుకోవాలండీ. మీలాంటివారికి చప్పగా ఉంటుంది, పత్యం కూడులాగ."

"అందులో డబ్బు పెడితే మీరు నాకు ఫోన్ చేస్తారా?"

"దేనికండీ? చెప్పడానికేముంటుంది?"

"అయితే అదే ఇవ్వండి!"

ఆయన నోరెళ్ళబెట్టాడు. ఆ రోజే నెలకొకటి చొప్పున ఏడాదికి సరిపడా చెక్కులమీద సంతకాలు చేసి ఆయన చేతిలో పెట్టి, అర్ధగంటలో హెర్నియా కేసుకి వెళ్ళిపోయాను. ఆ తర్వాత ప్రతి ఏడూ అంతే.

అన్నయ్యగారు మాత్రం తగ్గలేదు. పైగా సెల్‌ఫోన్లు వచ్చాయి! ఆపరేషన్ చేస్తుంటే ఆయా ఆయన చెవి దగ్గర ఫోను పట్టుకుని నిలబడాలి. "పత్యం కూడు ఎలా ఉంది చెల్లెమ్మా?" అని రోజూ ఎగతాళే. కొన్ని నెలలు నిజంగానే ఆయన ఇరగదీసేవారు. ఓసారి థియేటరు స్టాఫందరికీ బందరు లడ్డూలు పంచారు. నేను కుళ్ళుకుంటూనే రెండు తిన్నాను. ఇంటికెళ్ళి మా ఆయనతో, "నేనూ ఒక్కటంటే ఒక్కటి కొననా?" అన్నాను. ఆయన పేపరు దించి, "చల్లపల్లి దాటాక ఏడుస్తావుగా, అప్పుడు కారు ఎవరు నడుపుతారు?" అన్నారు.

అలా నాలుగేళ్ళు పోయాక ఓసారి చూసుకుంటే, ఓరి దేవుడా, డబ్బు మానిటరు ధర దరిదాపుల్లోకి వచ్చేసింది! ఎగిరి గంతేశాను. ఇంకో ఆర్నెల్లు చాలనుకున్నాను. చూశారూ, అదిగో, మళ్ళీ మార్కెట్టు పడింది. రోజూ పడుతూనే ఉంది.

"నేను మొత్తం అమ్మి బయటపడ్డా. నువ్వూ అమ్మెయ్ చెల్లెమ్మా, మళ్ళీ ఆ మిషను దూరమైపోద్ది," అన్నారు అన్నయ్యగారు. ఈసారి ఎగతాళిగా కాదు, నిజంగా బాధపడుతూ అన్నారు.

టేబుల్ దగ్గర నాకెంత ఓర్పో బయట అంత తొందర. ఊరుకోవాలని తెలుసు, తెలిసినా ఊరుకోవడం నా వల్ల కాలేదు. మర్నాడు పొద్దున్నే అమ్మేద్దామని బందరు బయల్దేరాను. పామర్రులో ఉండగా సెల్ మోగింది. అవనిగడ్డలో కాన్పు అడ్డం తిరిగింది, వెంటనే రమ్మని. బందరు రోడ్డు వదిలేసి కారు చల్లపల్లి వైపు తిప్పాను. అది అవగానే గుడివాడలో ఇంకోటి, తర్వాత బందరులోనే రెండు, కానీ కోనేరు సెంటరు వైపు వెళ్ళే సందే దొరకలేదు. వారం, పది రోజులు ఒకదాని వెంట ఒకటి. తెరిపిన పడేసరికి మార్కెట్టు కుదుటపడి మళ్ళీ లేవడం మొదలెట్టింది. అదీ నా గొప్పతనం! తెలివీ కాదు, నిగ్రహమూ కాదు, వెళ్ళి అమ్ముకునే తీరిక లేకపోయింది.

ఏడాది తిరిగేసరికి డబ్బు సరిపోయింది. విజయవాడ నుంచి మానిటరు తెచ్చేటప్పుడు మా ఆయన దాన్ని దారంతా ఒళ్ళోనే పెట్టుకున్నారు. గుంత వచ్చినప్పుడల్లా "నెమ్మది, నెమ్మది" అని నన్ను తిట్టారు. అవనిగడ్డ తీసుకెళ్తే అన్నయ్యగారు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, క్లిప్పు తన వేలికే పెట్టుకుని చూసుకుని, "ఇన్నేళ్ళు పరుగెత్తి పరుగెత్తి, మొదలెట్టిన చోటికంటే కాస్త వెనకే ఉన్నాను చెల్లెమ్మా," అన్నారు. నాకు గెలిచానని ఎగరాలనిపించింది. ఆయన మొహం చూసి ఎగరలేదు.

మొదటి కేసు ఆ మధ్యాహ్నమే వచ్చింది. పాలకాయతిప్ప దగ్గర పల్లె నుంచి, చేపల వేటకి వెళ్ళే కుటుంబం అమ్మాయి. నిండు గర్భిణి, రక్తం పోతోంది. వెన్నులో సూది వేసే వీల్లేదు, పూర్తి మత్తే ఇవ్వాలి. అన్నయ్యగారు కోత మొదలెట్టారు. తెరమీద ఆక్సిజన్ తొంభై తొమ్మిది. చూస్తుండగానే తొంభై ఆరు. తొంభై నాలుగు. వంగి చూశాను, పెదవులు ఎర్రగానే ఉన్నాయి! పాత రోజుల్లో అయితే నిశ్చింతగా కూర్చునేదాన్ని. గొట్టం తడిమాను, బాగానే ఉంది. సిలిండరు ముల్లు సగం ఉన్నట్టు చూపిస్తోంది. వేలితో గట్టిగా తడితే టక్కున సున్నాకి పడిపోయింది. "సిలిండరు మార్చండి!" అని అరిచాను. మార్చారు. తొంభై. తొంభై మూడు. తొంభై ఏడు. అప్పటికీ ఆ పిల్ల పెదవులు రంగు మారనే లేదు. బిడ్డ బయటపడి కేరుమంది. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు.

మానిటరు పట్టుకుని బయటికొస్తుంటే ఆ అమ్మాయి అత్తగారు నా దారికి అడ్డం నిలబడింది. లోపల అరుపులన్నీ తలుపు అవతల నుంచి విన్నదట.

"ఆ పెట్టె ఆసుపత్రిదామ్మా?"

"కాదమ్మా, నాదే."

ఆవిడ దానిమీద ఒక చెయ్యి ఆనించింది. ఇంకో చేత్తో నా మోచెయ్యి పట్టుకుంది.

"మా చిన్నకోడలికి ఏడో నెల. అప్పుడూ తెత్తావా అమ్మా?"

"తెస్తానమ్మా," అన్నాను.