మా పిచ్చర్ కుడి చెయ్యి

షామీర్‌పేట దాటాక ఉన్న ఒక చిన్న యూనివర్సిటీలో నేను ఆటలు నేర్పే పీడీగా చేరేసరికి అక్కడ ఆటలంటే ఒక వాలీబాల్ నెట్టు, జేబులు చిరిగిన క్యారమ్ బోర్డు. అమ్మాయిలకు అవీ లేవు. వాళ్లకు బేస్‌బాల్ జట్టు పెడతానంటే రిజిస్ట్రార్ నవ్వాడు.

"గదేం ఆట సార్?" అన్నాడు.

చాలా కాలేజీలు ఆడవు కాబట్టి తొందరగా గెలవొచ్చని చెప్పాను. ఆట మీద ప్రేమ తర్వాత పుట్టింది. మొదట ఉన్నది గెలవాలన్న యావే.

తొలిరోజు పదకొండు మంది వచ్చారు. హాస్టల్ వెనకాల రాళ్లు ఏరి, సున్నంతో గీతలు వేసుకున్నాం. పరుగెత్తి చేరాల్సిన బేసుల చోట ఇసుక నింపిన గోనెసంచులు పెట్టాం. ఆ ఏడాది ఆడిన ప్రతి మ్యాచూ ఓడిపోయి, బస్సులో పాటలు పాడుకుంటూ తిరిగొచ్చేవాళ్లం. ఆ ఓటముల్లో ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు.

రెండో ఏడు ఒక బయోటెక్నాలజీ అమ్మాయి చేరింది. వాళ్ల నాన్న తుర్కపల్లి ల్యాబులకు స్టాఫును చేరవేసే క్యాబు నడిపేవాడు. ఆదివారం చర్చిలో పాడాలి, ప్రాక్టీసుకు రానని ముందే చెప్పేసింది. బంతి చేతికిచ్చి, దూరంగా పాతిన కర్రను కొట్టమన్నాను. మూడుసార్లూ బంతి కర్ర పక్క నుంచి వెంట్రుకవాసిలో పోయింది.

"అంత దగ్గరికి పోతాంది గని తగుల్తలేదేందమ్మా?" అన్నాను.

"ఇంటికాడ కోతులు మస్తొస్తయి సార్. వాటికి తగలకుండ పక్కకు పడేటట్టు ఎయ్యాలె. తగిల్తె పాపం గద."

నాలుగోసారి కర్ర పడిపోయింది. బ్యాటు పట్టినవాళ్లకు బంతి విసిరే పిచ్చరే బేస్‌బాల్‌లో సగం జట్టు. ఆ రోజు నుంచి మా పిచ్చర్ ఆమే.

సాయంత్రం గేటు బయట నాన్న హారన్ కొట్టేదాకా ఆడేది. కొట్టగానే గ్లోవు నా చేతిలో పెట్టి పరుగెత్తేది. ఆమె వచ్చాక మాకు గెలుపు అలవాటైంది. దుండిగల్ వైపు పెద్ద కాలేజీలను ఓడించాం. అప్పుడు నవ్విన రిజిస్ట్రారే, గేటు మీద కట్టిన ఫ్లెక్సీలో నా పక్కన నిలబడ్డాడు. రెండో పిచ్చర్‌ను తయారుచేయాలని ప్రతి ఏడాదీ మొదట్లో అనుకునేవాణ్ణి. గెలుస్తున్నంతకాలం ఆ అవసరం కనపడలేదు.

ఆమె ఆఖరి ఏడు ఫైనల్‌కు చేరాం. మూడు రోజుల్లో నాలుగు మ్యాచులు, అన్నింటికీ ఆమే. మూడో రోజు పొద్దున మెస్సులో ఆమె ఎడమచేత్తో ఇడ్లీ తింటూ కనపడింది. వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

"చెయ్యి నొస్తాందా?"

"కొద్దిగ గుంజుతాంది సార్."

"ఇయ్యాల ఎయ్యగల్గుతవా?"

ఆమె నా ముఖంలోకి చూసింది. "మీరెట్లంటె గట్ల సార్."

వద్దులే అని ఒక్క మాట అంటే సరిపోయేది. "ఒక్క మ్యాచేనమ్మా" అన్నాను. మోచేతికి నొప్పి స్ప్రే నేనే కొట్టాను.

ఆరో ఇన్నింగ్స్‌లో బంతి ఆమె చేతిలోంచి జారి కాళ్ల ముందే పడింది. ఆమె మోచెయ్యి పట్టుకుని నెమ్మదిగా మోకాళ్ల మీద కూలబడింది. నేను పరుగెత్తి వెళ్తే, "సారీ సార్" అంది. ఆ మ్యాచ్ ఎలాగూ ఓడిపోయాం.

లిగమెంట్ తెగిందన్నాడు డాక్టరు. నొప్పి ఎన్నాళ్లుగా ఉందని అడిగాడు.

"మూడు నెలల సంది" అంది ఆమె, నా వైపు చూడకుండా.

ఆ మూడు నెలలూ ప్రతి ప్రాక్టీసుకు ముందు స్ప్రే కొట్టింది నేనే. ఆ సంగతి ఆమె చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఆపరేషన్ అయ్యాక కూడా ఆ చెయ్యి పూర్తిగా చాపడానికి రాలేదు. ఒకరోజు వాళ్ల నాన్న నా గదికి వచ్చాడు. తిట్లు తినడానికి సిద్ధపడి లేచి నిలబడ్డాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"పరేషాన్ గాకుండ్రి సార్" అన్నాడు. "దానికి ఇష్టమయ్యే ఆడింది. ఇప్పటికి గూడ ప్రార్థనల మీ పేరు దలుస్తది."

తర్వాత నేను కోచ్‌గా పనికిరాలేదు. కొత్తమ్మాయి ఎవరైనా బంతి వేసి చెయ్యి విదిలిస్తే చాలు, ప్రాక్టీసు ఆపేసేవాణ్ణి. మరుసటి ఏడు తొలి మ్యాచులోనే ఓడాం. ఆ పై ఏడు జట్టును తీసేద్దామని యాజమాన్యం కాగితం పంపితే, ఎదురు చెప్పకుండా సంతకం పెట్టాను. బ్యాట్లు, గ్లోవులు మేడ్చల్‌లో ఒక బడికి ఇచ్చేశాం. మేం ఆడిన జాగాలో ఇప్పుడు కాలేజీ బస్సులు నిలుపుతున్నారు.

మొన్న మేడ్చల్ బస్టాండు దగ్గర ఆమె కనపడింది. తుర్కపల్లిలో ఒక ల్యాబులో పనిచేస్తోందట. కంపెనీ క్యాబు కోసం నిలబడి ఉంది. నన్ను చూసి సంతోషంగా దగ్గరికి వచ్చింది.

"టీం ఎట్లుంది సార్?"

లేదని చెప్పడానికి నోరు రాలేదు. "మంచిగనే ఉన్నది" అన్నాను.

"పిచ్చర్ ఎవరు ఇప్పుడు?"

"ఫస్టియర్ పిల్ల. బాగేస్తది."

"గామె ఒక్కదానితోనే ఎయ్యించకుండ్రి సార్. ఇద్దర్ని తయార్ జేయుండ్రి" అంది. గొంతులో కోపం లేదు. ఎక్కడా లేని ఆ పిల్ల చెయ్యి గురించి నిజంగానే దిగులు పడుతోంది.

"అట్లనే అమ్మా" అన్నాను.

ఇంతలో క్యాబు వచ్చింది. వస్తానని చెప్పి ఎక్కేసింది. నా బస్సు కూడా వచ్చింది, వెళ్లిపోయింది. నేను బస్టాండు బెంచీ మీద కూర్చుని, పక్కనున్న ముసలామె "ఏమైంది బిడ్డా" అని అడిగేదాకా ఏడుస్తూనే ఉన్నాను.