“కొంచెం నెయ్యికి ఏమవుతుంది?”: పోర్ట్‌లాండ్‌లో మా అమ్మాయి తిన్న మొదటి మెనూ, ఆఖరి ముద్ద

మా అమ్మాయి మేఘనకి తొమ్మిదేళ్లు. పోర్ట్‌లాండ్ వెళ్లేదాకా ఒక్కసారి కూడా హోటల్లో మెనూ కార్డు చేతిలోకి తీసుకుని “నాకు ఇది కావాలి” అని అడిగి తెప్పించుకుని ఎరగదు. పాలు దానికి విషం. మాటవరసకి అనడం లేదు. పాలు, పెరుగు, వెన్న, నెయ్యి, ఏ రూపంలో కాస్త లోపలికి వెళ్లినా ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి, పెదవులు ఉబ్బుతాయి, గొంతు వాచి ఊపిరి ఆడదు. ఈ ప్రయాణానికి ముందే రెండుసార్లు అంబులెన్స్ ఎక్కాం. మేముండే నేపర్‌విల్‌లో ఎవరింట్లో పుట్టినరోజు జరిగినా తన డబ్బా తను తీసుకెళ్తుంది. అందరూ పిజ్జా తింటుంటే తను ఒక పక్కన కూర్చుని నేను కలిపిచ్చిన పులిహోర తింటుంది. ఏడవదు. ఏడిస్తేనే బాగుండేదని నాకు చాలాసార్లు అనిపించింది.

మా ఆఫీసులో ఒకావిడ పోర్ట్‌లాండ్ గురించి చెప్పింది. ఆ ఊళ్లో పాలూ గుడ్లూ మాంసమూ గడప తొక్కని హోటళ్లు, బేకరీలు, ఐస్‌క్రీమ్ షాపులు చాలా ఉన్నాయట. మేం అలా తినే వీగన్లం కాదు. ఇంట్లో నేనూ మా ఆయనా కోడికూర తింటాం, మేఘన కూడా తింటుంది. కానీ దానికి గిట్టనిది పాలొక్కటే కాబట్టి వీగన్ల ఊరే మా ఊరు అనుకున్నాను. అలర్జీ డాక్టరుని అడిగితే, “వెళ్లండి, కానీ ప్రతిచోటా అడిగి తినండి, ఇంజెక్షన్లు మాత్రం మరవకండి” అన్నారు. మా ఆయనకి ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది. మేమిద్దరమే స్ప్రింగ్ బ్రేక్ సెలవుల్లో బయలుదేరాం.

మా దగ్గరి ఓహేర్ ఎయిర్‌పోర్టు నుంచి పొద్దున ఫ్లైటు ఎక్కితే నాలుగున్నర గంటల ప్రయాణం. గడియారం రెండు గంటలు వెనక్కి వెళ్తుంది కాబట్టి భోజనాల వేళకి ముందే దిగిపోతాం. కారు అద్దెకి తీసుకోవాల్సిన పని లేదు. ఎయిర్‌పోర్టు లోపలి నుంచే రెడ్ లైన్ రైలు ఉంది, ముప్పావు గంటలోపు ఊరి నడిమధ్యకి చేరుస్తుంది, టికెట్టు మూడు డాలర్లలోపే. అదే రైలు ముందుకి, మనవాళ్లు ఎక్కువగా ఉండే బీవర్టన్, హిల్స్‌బరో వైపు వెళ్తుంది. ఇంకో మంచి సంగతి, పోర్ట్‌లాండ్ ఉన్న ఆరెగాన్ రాష్ట్రంలో సేల్స్ ట్యాక్స్ లేదు. బోర్డు మీద ఎంత ఉంటే అంతే. మార్చిలో వెళ్తే వాన గ్యారంటీ. గొడుగు కన్నా టోపీ ఉన్న జాకెట్ నయం. అక్కడివాళ్లు అసలు గొడుగు పట్టరు.

హోటల్లో పెట్టెలు పడేసి, బస్సెక్కి నది దాటి, ఆగ్నేయంవైపు ఉన్న ఒక ఫుడ్ కార్ట్‌ల ప్రాంగణానికి వెళ్లాం. నాలుగైదు బళ్లు, మధ్యలో రేకుల షెడ్డు, దాని కింద చెక్క బల్లలు. అన్నీ వీగన్ బళ్లే. మేఘన చినుకుల్లోనే నిలబడి ఒక్కో బోర్డూ చదివింది.

“అమ్మా, ఇక్కడ నేను ఏది తినచ్చు?”

“నీకు ఏది కావాలంటే అది.”

“ఎవ్రీథింగ్?”

“ఎవ్రీథింగ్. కానీ ముందు నువ్వే అడగాలి.”

అది ఒక బండి కిటికీ దగ్గరికి వెళ్లి, మునివేళ్ల మీద నిలబడి, తనకి పాల అలర్జీ ఉందని ఇంగ్లిష్‌లో గట్టిగా చెప్పింది. లోపలున్న గడ్డపాయన ఆ బండిలోకి పాలన్నవే రావని, బాదం, జీడిపప్పు మాత్రం ఉంటాయని, అవి పడతాయా అని అడిగాడు. పడతాయంది. పదకొండు డాలర్లకి చీజ్ కారుతున్న బర్గర్ చేతికొచ్చింది. జీడిపప్పు చీజే అయితేనేం, పన్నెండు ఆమడల దూరం నుంచి చూసే చీజ్‌ని నా కూతురు మొదటిసారి కొరికింది. గడ్డానికంతా పూసుకుంది. పక్క బల్ల మీద కూర్చున్న ఒక పెద్దమనిషి మేం వీగన్లమా అని అడిగి, కాదనగానే మన పాల కోసం దూడలు పడే బాధ గురించి పావుగంట క్లాసు పీకాడు. ఈ ఊళ్లో అలాంటివాళ్లూ తగులుతారు, సిద్ధంగా ఉండండి. ఆ రోజు మాత్రం నాకు కోపం రాలేదు. మేఘన నవ్వుతోంది, అది చాలు.

కోపం మర్నాడు వచ్చింది. ఇంకా పోలేదు.

విజయవాడలో నాతో ఇంజనీరింగ్ చదివిన సౌజన్య ఇప్పుడు హిల్స్‌బరోలో ఉంటోంది. ఉగాది వెళ్లిన ఆదివారం అది. బీవర్టన్‌లో ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో తెలుగువాళ్లు నలభై మంది దాకా కలిసి భోజనాలు పెట్టుకుంటున్నారని, మమ్మల్నీ రమ్మని పిలిచింది. నేను నా అలవాటు ప్రకారం మేఘన డబ్బా వేరే తెస్తానన్నాను.

“ఏం అక్కర్లేదే. నేను అందరికీ చెప్పేశాను. పాప కోసం విమల ఆంటీ స్పెషల్‌గా పప్పు చేస్తోంది. ఒక్కపూటైనా అది అందరితో కలిసి తిననీ” అంది.

ఆ ఆఖరి మాటకి పడిపోయాను.

విమల ఆంటీ అంటే అక్కడి తెలుగువాళ్లకి పెద్దదిక్కు. పాతికేళ్లుగా ఆ ఊళ్లోనే ఉంటున్నారు. పిల్లలు పెద్దవాళ్లై ఉద్యోగాల్లో ఉన్నారు. ఎవరికి పురుడొచ్చినా, ఎవరికి ఉద్యోగం పోయినా ముందు ఆవిడే క్యారేజీ పట్టుకెళ్తారట. శుద్ధ శాకాహారి. మేం వెళ్లేసరికి ఎవరో ఒకమ్మాయి కేక్ తెచ్చింది. ఆ అమ్మాయిని ఆవిడ నా ముందే మూడుసార్లు అడిగారు, “ఎగ్‌లెస్సే కదమ్మా? బాక్స్ మీద రాసుందా? ఏదీ చూపించు.” అట్టపెట్టె తిప్పి చదివి, అప్పుడు గానీ బల్ల మీద పెట్టనివ్వలేదు. ఇంత జాగ్రత్త మనిషి మా అమ్మాయికి వండిందని నాకు ధైర్యం కలిగింది.

అయినా అడిగాను. అడగడం నాకు ఊపిరి పీల్చడంలాంటిది.

“ఆంటీ, ఈ పప్పులో నెయ్యి గానీ, వెన్న గానీ ఏమైనా వేశారా?”

“లేదమ్మా. పోపు కూడా నూనెతోనే. పాప కోసం విడిగా తీసిపెట్టాను. ధైర్యంగా పెట్టు” అన్నారు, నా మొహంలోకి చూసి.

హాలంతా నేతి వాసనే. ఏ గిన్నెలోంచి వస్తోందో తెలిసే దారి లేదు. మేఘన మిగతా పిల్లల మధ్య కూర్చుంది. టమాటా పప్పన్నం, అప్పడం. ఒక పిల్ల దానికి అప్పడం విరిచి ఇచ్చింది. నేను దూరం నుంచి ఫోటో తీశాను. నాలుగు ముద్దలు తిందేమో, ప్లేటు పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చింది.

“అమ్మా, నా థ్రోట్ టైట్‌గా ఉంది.”

పెదవి అప్పటికే ఉబ్బుతోంది. మెడ మీద ఎర్రగా దద్దుర్లు. నా నడుముకి కట్టుకున్న సంచిలోంచి ఇంజెక్షన్ పెన్ను తీసి, కూర్చోబెట్టి, ప్యాంటు మీది నుంచే తొడలో పొడిచి పట్టుకున్నాను. సౌజన్యని 911కి కాల్ చేయమని అరిచాను. చుట్టూ జనం మూగారు. “మజ్జిగ ఇవ్వండి, చల్లబడుతుంది” అన్నారెవరో. నిజంగా అన్నారు. వింటున్నారా? పాలు పడక గొంతు మూసుకుపోతున్న పిల్లకి మజ్జిగ! ఇంకెవరో దిష్టి అన్నారు. మేఘన ఈల వేసినట్టు ఊపిరి తీస్తూ నా చెయ్యి పట్టుకుని, నా కళ్లలోకే చూస్తూ ఉంది. అంబులెన్స్ వచ్చేదాకా ఆ చూపుని నేను పట్టుకుని కూర్చున్నాను.

ఎమర్జెన్సీలో ఇంకో డోసు ఇచ్చారు. సాయంత్రానికి వాపు తగ్గింది. మళ్లీ తిరగబెట్టే ప్రమాదం ఉందని ఆ రాత్రి ఉంచేశారు. పిల్ల నిద్రపోయాక, సౌజన్య, విమల ఆంటీ వచ్చారు. వరండాలో నిలబడ్డాం.

“ఒక్క స్పూనేనమ్మా, పోపులోకి” అన్నారు ఆంటీ. “ఇంట్లో కాచిన మంచి నెయ్యి. సౌజన్య మీరు వీగన్ అని చెప్పింది. ఈ మధ్య అందరికీ ఈ వీగన్ పిచ్చి పట్టుకుంది కదా. పిల్ల చూస్తే పీలగా ఉంది. ఎదిగే పిల్ల, కొంచెం నెయ్యికి ఏమవుతుందిలే అనుకున్నాను.”

నేను సౌజన్య వైపు తిరిగాను. అది తల దించుకుంది. “అలర్జీ అంటే అందరూ నిన్ను వంద ప్రశ్నలు వేస్తారని, సింపుల్‌గా ఉంటుందని వీగన్ అన్నానే. సారీ.”

“మరి నేను అడిగినప్పుడు లేదని ఎందుకన్నారు ఆంటీ?”

“చెప్తే నువ్వు పెట్టనిస్తావా?”

ఆ జవాబుకి నా ఒళ్లు మండిపోయింది. “పొద్దున ఆ కేక్ తెచ్చిన అమ్మాయి గుడ్డు లేదని అబద్ధం చెప్పి మీకు పెట్టి ఉంటే?”

“అదీ ఇదీ ఒకటా అమ్మా? మాది ఆచారం.”

“మీది ఆచారం. నా కూతురిది ప్రాణం.”

ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. “తెలియక చేశానమ్మా” అన్నారు.

“తెలియక కాదు ఆంటీ. నా మాట నమ్మక” అన్నాను. నర్సు వచ్చి గొంతు తగ్గించమంది. తగ్గించాను, కానీ వెనక్కి తీసుకోలేదు. ఇప్పుడూ తీసుకోను. మేం నిజంగానే వీగన్లమై, అది మా నమ్మకమే అయితే మాత్రం, వద్దన్నది దొంగచాటుగా పెట్టే హక్కు ఆవిడకి ఎక్కడిది? గుడ్డు తగిలిన గరిటె మన కూరలో పెడితే ఊరంతా ఏకం చేసేవాళ్లం మనమే. పక్కవాళ్ల నియమం మాత్రం మనకి వేషంలా కనిపిస్తుంది.

ఈలోగా సంగతి ఎవరో అక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టారట. పిల్ల ఎలా ఉందని అడిగినవాళ్లు కొందరు. సలహాలిచ్చినవాళ్లు చాలామంది. “చిన్నప్పట్నుంచి కొంచెం కొంచెం పెడితే అలవాటైపోయేది” అని ఒకాయన. అలవాటు చేసే వైద్యం ఉంది, నిజమే. అది డాక్టరు పక్కన కూర్చుని, నెలల తరబడి, కొలిచి చేస్తారు. తల్లికి అబద్ధం చెప్పి పప్పులో నేతి పోపు పెట్టడం వైద్యం కాదు. ఈ మాట సౌజన్యే గ్రూపులో రాసింది. జరిగింది జరిగినట్టు, తన తప్పుతో సహా రాసింది. అందుకు దాని మీద కోపం సగం తగ్గింది.

సోమవారం పొద్దున డిశ్చార్జ్ చేశారు. మధ్యాహ్నం హోటల్ లాబీకి విమల ఆంటీ ఒక్కరే వచ్చారు, పిల్లతో మాట్లాడాలని. నాకు ఇష్టం లేదు. మేఘనే దిగివస్తానంది. ఎదురుగా సోఫాలో కూర్చుని, తన వచ్చీరాని తెలుగులో అడిగింది.

“ఆంటీ, మా అమ్మ నిన్ను అడిగింది. నువ్వు నో అన్నావు. వై?”

మా పిల్లకి ‘మీరు’ ఇంకా సరిగా పలకదు. ఆ ‘నువ్వు’ ఆ పూట సరిగ్గానే పలికిందనిపించింది. ఆంటీ ముందుకి వంగి, “నాకే అన్నీ తెలుసనుకున్నాను తల్లీ. తప్పయిపోయింది” అన్నారు.

“నెక్స్ట్ టైమ్ ఎవరైనా అడిగితే ట్రూత్ చెప్పు. ఓకే?”

“ఓకే” అన్నారావిడ. మేఘన తల ఊపింది. నేను ఊపలేదు.

సాయంత్రం దాన్ని మళ్లీ ఆ బళ్ల దగ్గరికే తీసుకెళ్లాను, వానలోనే. అదే కిటికీ, అదే గడ్డపాయన. గుర్తుపట్టి పలకరించాడు. మేఘన అడిగింది. పాలు లేవన్నాడు. అది కిటికీ దగ్గరి నుంచి నా వైపు తిరిగి మెల్లగా అడిగింది.

“అమ్మా, అతను నిజం చెప్తున్నాడా?”

శనివారం ఆ ప్రశ్న లేదు. నా కూతురి దగ్గర ఆ స్పూను నెయ్యి ఏం తీసుకుపోయిందో అప్పుడు తెలిసింది. వాపు ఒక రాత్రిలో తగ్గింది. ఇది తగ్గడానికి ఎన్నేళ్లు పడుతుందో నాకు తెలియదు. అతనికి తెలుగు రాదు, కానీ పిల్ల మొహం అర్థమైనట్టుంది. చీజ్ డబ్బా, సాస్ సీసా తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టాడు. మేఘన ఒక్కో అక్షరం చదివింది. వెనక క్యూలో ఉన్నవాళ్లు ఎవరూ విసుక్కోలేదు. సగం బర్గర్ తిని, మిగతాది కాగితంలో చుట్టి నాకిచ్చింది.

పోర్ట్‌లాండ్‌ని స్వర్గమని చెప్పను. అక్కడి మనుషులు దేవతలూ కాదు, అతి చేసేవాళ్లూ ఉన్నారు. అయితే ఆ ఊళ్లో ‘నేను ఇది తినను’ అంటే అదొక జవాబు. మన పంక్తిలో అది బుజ్జగింపుకో, బలవంతానికో ఆహ్వానం. “ఒక్క ముద్ద, నా మీద ఒట్టు” అని కొసరి వడ్డించడాన్ని మనం ప్రేమ అంటాం, నేనూ ఆ ప్రేమలోనే పెరిగాను. కానీ ఎదుటివాళ్లు వద్దన్న మాట వినపడని ప్రేమ నాకూ నా పిల్లకీ వద్దు. నేపర్‌విల్‌లో వచ్చే నెల మా వీధి భోజనాలున్నాయి. మేఘన వస్తానంది, తన డబ్బాతో. తన పక్కన నన్నూ కుర్చీ వేసుకోమంది. నేనూ ఆ డబ్బాలోదే తింటాను.

వెళ్లేవాళ్లకి ఒక్క సలహా: మీకో మీ పిల్లలకో అలర్జీ ఉంటే, హోటల్లోనైనా స్నేహితుల ఇంట్లోనైనా ‘వీగన్’ అన్న మాటతో సరిపెట్టకండి, మీ తరఫున ఎవర్నీ అలా చెప్పనివ్వకండి. ‘పాల అలర్జీ, పొరపాటున తింటే ప్రాణం పోతుంది’ అని మీ నోటితో, పూర్తి వాక్యంగా, వండినవాళ్లకే చెప్పండి. వినేవాళ్లు ఇబ్బంది పడితే పడనివ్వండి.