లడ్డూకు పెట్టిన నూలు పరీక్ష

రసాయన శాస్త్రం నేను రెండేళ్లు చదివాను. రసం దానికే మిగిలింది, ఆయాసం నాకు మిగిలింది. ఆ తర్వాత దాజీ పేట్‌లో మా నాయన పవర్‌లూమ్‌ల మీదికి వచ్చేశాను. అయినా గల్లీలో ఎవరి ఫోన్‌లోకి "ఈ రంగు తింటే క్యాన్సర్" అన్న వీడియో వచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు. నేనూ ఫెయిలైన సంగతి మరిచి గొంతు సవరించుకునేవాణ్ణి.

మా వెనక సందులో ఒక పెద్దమ్మ. బీడీలు చుట్టీ చుట్టీ తంబాకు దుమ్ముకు దగ్గు పట్టుకుంటే, అది మానేసి బూందీ లడ్డూలు చేసి బతికేది. గల్లీ గణపతికి ప్రసాదం ఏటా ఆమెదే. అది తిన్నవాళ్లే పెండ్లికీ, తొట్లె పండుగకూ మళ్లీ ఆమెకే చెప్పేవారు. ప్రసాదం పోతే ఆమెకు బీడీల చాటే గతి. అది అందరికీ తెలుసు, నాకూ తెలుసు.

ఆ ఏడు ఎవరో అడిగారు: "గింత పచ్చగున్నయి, ఏం రంగేస్తున్నదో?"

నేను పరీక్ష పెడదామన్నాను. నేతగాళ్లకు తెలిసిన పరీక్ష ఒక్కటే. తెల్ల నూలు రంగులో ముంచి సబ్బుతో ఉతకడం. నిలిస్తే పక్కా రంగు, పోతే కచ్చా. గణపతి మండలి పందిట్లో అందరి ముందూ ఆమె లడ్డూ ఒక గిన్నెలో, ఏదో కార్ఖానా డబ్బా లడ్డూ ఇంకో గిన్నెలో వేడినీళ్లతో కలిపి నూలు ముంచాను. డబ్బా లడ్డూ రంగు ఒక్క ఉతుక్కే పోయింది. ఆమెది పోలేదు సరికదా, సబ్బు తగలగానే ఎర్రబడింది.

"నూలును పట్టుకున్నది పేగును ఇడుస్తదా?" అన్నాను. నేను పుట్టించిన సామెత అదొక్కటే.

"పసుపు బిడ్డా, ఉట్టి పసుపు" అన్నది పందిట్లోనే ఉన్న పెద్దమ్మ. "సబ్బు తాకితె ఎర్రగైతది. నీ పెండ్లి బట్టలకు కాలేదా?"

"దొరికినోళ్లంత గట్లనే చెప్తరు పెద్దమ్మా."

అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు చాలా బాగుంది. మండలి పెద్దాయన "పోరగాండ్లు తినేది అక్కా, రిస్క్ నకో, వద్దు" అని ఆ పూటే ప్రసాదానికి డబ్బా లడ్డూలకు చెప్పాడు.

నెల తర్వాత, నూలుకు రంగులద్దే కార్ఖానాలో కెమిస్టుకు ఈ కథ గొప్పగా చెప్పాను. అతను చాయ్ కింద పెట్టి నా మొహం చూశాడు.

"పసుపు పత్తికి దానంతటదే పడ్తది. మిఠాయి రంగు పత్తికి సరిగ పట్టదు, ఉన్నికైతే పడ్తది. నూలుకు అంటుడుకు, ఒంట్లె హాని చేసుడుకు ఏం సంబంధం? ఏ రంగు, ఎంత ఏసిన్రు, రోజుకు ఎంత తింటరు, గది చూడాలె. జంతువులకు ఏం కాని మోతాదు కనిపెట్టి, దాన్ని ఇంకా ఎన్నో వంతులు తగ్గించి మనకు హద్దు పెడ్తరు. పర్మిషన్ ఉన్న రంగు హద్దుల ఏస్తే ఆ డబ్బా లడ్డూతోని కూడా భయం లేదు. నువ్వు రెండిట్ల దేన్నీ పరీక్ష చెయ్యలే."

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను.

"పసుపని నాకు అప్పుడే ఎరుక" అన్నది.

"మరి చెప్పలేదేంది?"

"మొదటిసారి అంతమందిల సదువుకున్నోని లెక్క మాట్లాడుతుంటివి. ఎట్ల ఆపుదు?"

పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. గడపలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీ ఆకు కత్తిరిస్తోంది, మధ్యమధ్య దగ్గుతోంది. అంతా చెప్పాను. తలెత్తకుండా విన్నది.

"నాకెందుకు చెప్తున్నవు బిడ్డా, నాకు ఎరుకనే గద. పందిట్ల అన్నవు, ఆ నలుగురిలనే చెప్పు."

"ఐతారం మండలి మీటింగ్ ఉన్నది, చెప్తా."

ఐతారం వెళ్లాను. మండలి పెద్దాయన నన్ను చూసి "రా, మన సైంటిస్ట్" అంటూ తన పక్క కుర్చీ చూపించాడు. చైనీస్ నూడుల్స్ బండి మీద వేసే తెల్ల టేస్టింగ్ ఉప్పు మంచిదా కాదా అని అడిగారు. తెలియదని చెప్పడానికి నోరు తెరిచి, మంచిది కాదన్నాను. అందరూ తలలూపారు. పెద్దమ్మ మాట ఎత్తలేదు.

తెల్లారి మా లూమ్‌ల కార్ఖానాకు ఆమె గడప ముందు నుంచి కాక, జోడ్‌భావి పేట్ వైపు చుట్టూ తిరిగి పోయాను. ఇప్పటికీ అటే పోతున్నాను.