స్టొయిమెన్ ఆంప్లిఫైయర్ ఎందుకు వేడెక్కింది

కార్లలో పాటల పెట్టెలు బిగించి బతికిన స్టొయిమెన్‌కు కాలే ఇనుమంటే భయం. యాంబోల్ ఊళ్లో, రైల్వే స్టేషన్ వెనక వీధిలో అతని గ్యారేజీ. యాభై నాలుగేళ్ల మనిషి, చేతులు చేటలంత, గొంతు మాత్రం చిన్నది. ఎదురుగా ఉన్న కాఫీ కొట్టు బల్ల మీద నేను ఎన్నో పొద్దులు గడిపాను కాబట్టి ఈ సంగతి చెప్పగలుగుతున్నాను.

మూడేళ్ల కిందట అతను బిగించిన ఆంప్లిఫైయర్ ఒకటి, ఒక టాక్సీ డిక్కీలో, బజారు నడిబొడ్డున పొగలు కక్కింది. టాక్సీవాడు మంట ఆర్పబోయి అరచెయ్యి కాల్చుకున్నాడు. తప్పు స్టొయిమెన్‌దే. బ్యాటరీ పక్కన ఉండాల్సిన ఫ్యూజును అందంగా కనపడుతుందని వెనక డిక్కీలో పెట్టాడు. మధ్యలో వైరు ఒరుసుకుని బాడీకి తగిలింది. కాలిన చెయ్యి రెండు నెలల్లో మానింది. పేరు మాత్రం మానలేదు. అప్పటి నుంచి ఊరు అతన్ని ‘పొగ స్టొయిమెన్’ అనే అంటోంది. అనేవాళ్లలో సగం మందికి పాపం కసి కూడా లేదు, ఊరికే నోటికి అలవాటు. ఎన్నో ఊళ్లు తిరిగాను, ఒక్క పొరపాటును ఇంటిపేరుగా మార్చేయని ఊరు నాకింకా తగల్లేదు. అతను పాటల పని మానేసి వైపర్లు, బల్బులు మారుస్తూ కూర్చున్నాడు.

మే నెల మొదట్లో అదే వీధిలో ఉండే క్రస్త్యో కూతురు బిల్యానా రెండు సబ్‌వూఫర్లు, అంటే గుండెల్లో దడదడలాడించే లావు స్పీకర్లు, చంకన పెట్టుకుని వచ్చింది. ఎవరో వాడి వదిలేసినవి.

“బాబాయ్, ఇవి మా నాన్న బండిలో బిగించు. ఇరవై నాలుగున మా బడి వీడ్కోలు విందు.”

పన్నెండో తరగతి ముగిసినవాళ్లు ఆ రోజు నడుము దాకా కారు కిటికీల్లోంచి పైకి లేచి, బళ్ల వరుసలో ఊరంతా తిరుగుతూ ఒకటి నుంచి పన్నెండు దాకా గొంతు చించుకుని లెక్కపెడతారు. ఆ వరుసలో పాట మోగని బండి పెళ్లిలో తప్పిపోయిన చుట్టంలా ఉంటుంది.

“నేనిప్పుడు ఆ పని చెయ్యట్లేదమ్మా.”

“సర్లే. మా పెదనాన్న కొడుకు బిగిస్తాడు. వాడికి వైర్లు కలపడం వచ్చు.”

“ఫ్యూజు ఎక్కడ పెట్టాలో తెలుసా వాడికి?”

“ఫ్యూజు కూడా పెట్టాలా?”

స్టొయిమెన్ సబ్‌వూఫర్లు అందుకున్నాడు. ధైర్యంతో ఒప్పుకున్న పని కాదది. ఒప్పుకోకపోతే ఏమవుతుందో తలుచుకుని ఒప్పుకున్నాడు.

క్రస్త్యోది వెనక సామాన్ల చోటు ఉన్న పాత పొడుగు బండి. స్టొయిమెన్ ఫ్యూజును బ్యాటరీకి జానెడు దూరంలోనే పెట్టాడు. వేలు లావు వైరు లాగి, అది ఒరుసుకునే ప్రతి చోటా రబ్బరు తొడిగాడు. ఎర్త్ తీగ బిగించే చోట రంగు గీకి, ఇనుము తళతళలాడాక బోల్టు వేశాడు. తన గ్యారేజీలో మూలన పడి ఉన్న ఆంప్లిఫైయర్‌ను వెనక సీటు వీపుకు ఆనించి చెక్కపెట్టెలో కూర్చోబెట్టాడు. పెట్టెలో ఊపిరాడాలి కదా, సీటు తలదిండ్ల మధ్య అరచెయ్యంత కంత కోసి, లోపల చిన్న ఫ్యాను పెట్టాడు. అది బండిలోపలి చల్లగాలిని పీల్చి పెట్టెలోకి తోస్తుంది.

గ్యారేజీలో గంటసేపు మోగించి చూశాడు. ఇనుము గోరువెచ్చగా ఉంది, అంతే. బండి అప్పజెప్పాడు.

మర్నాడు మధ్యాహ్నం క్రస్త్యో వచ్చాడు. “అన్నా, పావుగంట మోగి ఆగిపోయింది. ఎర్ర దీపం వెలిగింది. ముట్టుకుంటే చుర్రుమంది.”

స్టొయిమెన్ లోపలికి పరిగెత్తాడు. మీటరు తెచ్చాడు. బ్యాటరీ దగ్గర ఎంత వోల్టేజీ ఉందో, ఆంప్లిఫైయర్ దగ్గరా దాదాపు అంతే ఉంది, దారిలో ఎక్కడా తగ్గట్లేదు. సబ్‌వూఫర్లు రెండూ కలిపి ఆంప్లిఫైయర్ మోయగలిగిన బరువే. పాట పగిలిపోయేంతగా ఎవరో పెంచారేమోనని మరను కాస్త వెనక్కి తిప్పాడు. మళ్లీ గంటసేపు మోగించాడు. గోరువెచ్చన.

రెండు రోజులకు క్రస్త్యో మళ్లీ హాజరు. “అదే కథ అన్నా. అమ్మను ద్రాక్షతోట నుంచి తీసుకొస్తున్నా, వంతెన దాటేలోపు చచ్చింది. మా పిల్ల వెనక పెట్టెలో ఏదో మాడు వాసన అంటోంది.”

మాడు వాసన. ఆ మాటతో స్టొయిమెన్ అన్నం మానేశాడంటే నమ్మండి. భార్య పెట్టిన చిక్కుడు సూప్ తెల్లారేదాకా గిన్నెలోనే ఉంది. ఆంప్లిఫైయర్ విప్పి ముక్కు పెట్టి చూస్తే తీగచుట్ట మీది వార్నిష్ కొద్దిగా కాగిన వాసన నిజమే. ఇంకా కాలలేదు, కాలబోతోంది. దుకాణంలో చక్కగా ఉండే మనిషి దారిలో పడగానే జబ్బుపడితే వైద్యుడేం చెయ్యాలి? గ్యారేజీలో లేనిదేదో రోడ్డు మీద ఉంది. గతుకులా? ఇంజనా? ఎండా? గ్యారేజీ ముందే బండిని కుదిపి, ఇంజను నడిపి, ఎండలో నిలిపి ఒక్కోటీ పరీక్షించాడు. నేను బల్ల మీంచి చూస్తూనే ఉన్నాను, నాలుగు రోజుల్లో ఆ మనిషి దవడలు లోపలికి పోయాయి.

ఇరవై నాలుగు రానే వచ్చింది. సాయంత్రం నాలుగు గంటలు. బిల్యానా ఆకుపచ్చ గౌను వేసుకుని బండి పక్కన నిలబడింది.

“పాట వద్దమ్మా,” అన్నాడు స్టొయిమెన్. “జబ్బేంటో నాకు దొరకలేదు.”

ఆ పిల్ల ఏడవలేదు. పెదవులు బిగించి నేల చూసింది, అంతే. ఏడ్చినా బాగుండేది.

“సరే,” అన్నాడతను. “వెయ్యండి. కానీ వెనక పెట్టె పక్కన నేను కూర్చుంటా. నా చెయ్యి దాని మీదే ఉంటుంది. నేను ఆపితే ఎవ్వరూ నోరెత్తకూడదు.”

“శవపేటిక పక్కన కూర్చున్నట్టు కూర్చుంటావా అన్నా?” అని క్రస్త్యో నవ్వబోయాడు. స్టొయిమెన్ ముఖం చూసి నవ్వు మింగేశాడు.

ముందు సీట్లో పూలగుత్తి. వెనక సీట్లో క్రస్త్యో తల్లి త్సోనా మామ్మ, ఎనభై ఒకటి, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. ఎండ పడదని ఆమెకు అదే ఇష్టం. పక్క కిటికీలోంచి బిల్యానా సగం బయటికి లేచింది. సామాన్ల చోటులో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని స్టొయిమెన్.

బండ్లు బయల్దేరాయి. హారన్లు, అరుపులు. పెట్టె అతని పక్కటెముకల్ని గుద్దుతోంది. మొదటి అయిదు నిమిషాలు ఇనుము చల్లగానే ఉంది. ఎనిమిదికి వెచ్చన. పదికి వేడి. పన్నెండో నిమిషంలో చెయ్యి ఉంచలేకపోయాడు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది, గాలి మాత్రం రావట్లేదు. పెట్టె మూత ఎత్తి కంతలోకి వేలు పోనిచ్చాడు. మెత్తగా ఏదో తగిలింది. పట్టుకు లాగాడు. అవతలి నుంచి ఎవరో లాగారు.

“ఎవడ్రా నా స్వెట్టరు లాగేది!”

“మామ్మా?”

“ఓరి నీ దుంపతెగ, నువ్వా స్టొయిమెన్! వదులు, అల్లిక ఊడిపోతుంది!”

“కంతలో స్వెట్టరెందుకు కుక్కావు మామ్మా?”

“మరి గాలి! సరిగ్గా మెడ వెనక సన్నగా గాలాడుతోంది. తలుపులన్నీ మూసినా ఎక్కణ్ణించి వస్తోందా అని వెతికితే ఈ బొక్క. ఏ బుద్ధిలేనివాడు కోశాడో!”

“నేనే కోశాను.”

“నువ్వే కోస్తావు మరి! సీటు దిగేటప్పుడు నా స్వెట్టరు నేను తీసుకుంటూనే ఉన్నాగా, ఇంక నీకేం నష్టం?”

అదీ సంగతి. గ్యారేజీలో బండి ఎప్పుడూ ఖాళీగా మోగింది. రోడ్డెక్కిన ప్రతిసారీ త్సోనా మామ్మ ఉంది. ఈ దేశంలో ముసలివాళ్లు మంచును భరిస్తారు, నలభై డిగ్రీల ఎండను భరిస్తారు, మెడకు తగిలే సన్నగాలిని మాత్రం పాములా చూస్తారు. అంత మీటరు పట్టుకున్న స్టొయిమెన్, అదే ఊళ్లో పుట్టి, తన తల్లి చేత అవే తిట్లు తిని, ముసలమ్మ మెడ దగ్గర ఫ్యాను కంత కోశాడు చూడండి!

“గాలి తగిలే మా ఆయన పోయాడు. రైలు కిటికీ పక్కన కూర్చుని,” అంది మామ్మ.

“ఆయన డెబ్బై తొమ్మిదికి కదమ్మా పోయింది,” అన్నాడు క్రస్త్యో స్టీరింగ్ దగ్గర్నుంచి.

“ఆ గాలి తగలకపోతే ఇంకా ఉండేవాడు! నువ్వు రోడ్డు చూడు!”

స్వెట్టరు వచ్చేసింది. కంతలోంచి గాలి సర్రున దూరింది. స్టొయిమెన్ అయినా మీట నొక్కేశాడు. తుంజా నది వంతెన మధ్యలో పాట ఠక్కున ఆగింది.

బిల్యానా తల లోపలికి వంచింది. “బాబాయ్! దొరికిందిగా జబ్బు! వెయ్యి!”

“జబ్బు మనకు దొరికింది. వేడి ఇంకా అందులోనే ఉంది. పది నిమిషాలు.”

“పది నిమిషాల్లో అందరూ బడి దగ్గరికి వెళ్లిపోతారు!”

“వెళ్లనీ.”

క్రస్త్యో బండిని పక్కకు ఆపాడు. వెనక బండ్లు ఒక్కొక్కటే దాటుకుంటూ పోతున్నాయి. ఒకదాంట్లోంచి ఎవడో కేకేశాడు: “ఏం పొగన్నా, మళ్లీ వండుతున్నావా?” నవ్వులు. స్టొయిమెన్ చెవులు ఎర్రబడ్డాయి. వేలు మీట మీదే ఉంది. ఒక్క నొక్కు నొక్కితే ఆ నోళ్లన్నీ మూతపడతాయి. బహుశా ఏమీ కాదు కూడా. ఆ ‘బహుశా’నే అతను మింగలేకపోయాడు. ఎదురుగా పద్దెనిమిదేళ్ల పిల్ల, నేల దాకా జీరాడే పలచని గుడ్డ.

“నాన్నా, నువ్వైనా చెప్పు,” అంది బిల్యానా.

క్రస్త్యో అద్దంలోంచి వెనక్కి చూశాడు. “ఆయన ఆపితే నోరెత్తకూడదన్నాడు. మనం ఒప్పుకున్నాం.”

త్సోనా మామ్మ అటూ ఇటూ చూసింది. గొణుక్కుంటూ దిగి, పూలగుత్తిని ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. మళ్లీ ఏం తోచిందో, దిగి వెనక్కి వచ్చి డిక్కీ తలుపు ఎత్తించింది. తలగుడ్డ విప్పి ఆంప్లిఫైయర్‌కు విసరడం మొదలుపెట్టింది.

“నీకు గాలి పడదుగా మామ్మా?” అన్నాడు స్టొయిమెన్.

“నాకు పడదు. దీనికి మెడ లేదుగా. నువ్వు అటు జరుగు, అడ్డం.”

తొమ్మిది నిమిషాలకు ఇనుము మీద అరచెయ్యి ఆనింది. అతను ఇంకో మూడు ఆగాడు. మరను బాగా వెనక్కి తిప్పి అప్పుడు మీట నొక్కాడు. పాట వచ్చింది, ముందంత గొప్పగా ఏమీ లేదు. బిల్యానా మూతి ముడుచుకునే కిటికీలోంచి లేచింది. బడి సందు తిరిగేసరికి మూతి సంగతి మర్చిపోయి పన్నెండు దాకా అరిచింది. గేటు దగ్గర చిట్టచివరి బండి వాళ్లదే. కుర్రకారు చుట్టుముట్టింది, ఎవరో ఆ పిల్లను ఎత్తి దింపారు.

క్రస్త్యో పాట ఆపి డిక్కీ తెరిచాడు. “దిగన్నా, మా పిల్ల ఫొటోకి పిలుస్తోంది.”

“నువ్వు పద.”

“చెయ్యి తియ్యరా ఇంక!” అని ముందు సీట్లోంచి మామ్మ అరిచింది. “ఆగిపోయిందిగా!”

“తీస్తా మామ్మా,” అన్నాడు స్టొయిమెన్. “కొంచెం వెచ్చగా ఉంది. అది కూడా పోనీ.”