కొట్లాట క్లాసులో మా తాతయ్య

నా చిన్నప్పుడు మా ఊళ్లో నాకు నోరెక్కువని పేరు. ఆ మాటను అందరూ తిట్టుగానే అనేవాళ్లు. నేను మాత్రం ఏ రోజూ తిట్టుగా తీసుకోలేదు. ఆ నోరు నాకు పుట్టుకతో వచ్చింది కాదు. ఐదో తరగతిలో ఉండగా, రోజూ మధ్యాహ్నం కూర్చుని కష్టపడి నేర్చుకున్నది.

భద్రాచలం నుంచి ఖమ్మం పోయే దారిలో, అడవి పలచబడి మిరప చేలు మొదలయ్యే చోట మా ఊరు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, దగ్గరలోని బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్‌గా కోస్తా వైపు నుంచి ఒకాయన వచ్చాడు. ఆయన భార్య మా వెనక సందులో రెండు గదులు కిరాయికి తీసుకుని, ఐదో తరగతి దాకా చిన్న బడి పెట్టింది. ఆమెను మేం టీచరమ్మ అనేవాళ్లం. వాళ్లు యూదులు. ఆ మాట మా ఊళ్లో అంతకుముందు ఎవరూ విన్నది కాదు. ఇంట్లో దేవుడి పటం లేదు కాబట్టి చర్చివాళ్లని కొందరు అనుకున్నారు. శుక్రవారం పొద్దుగూకక ముందే పనులన్నీ ఆపి దీపాలు వెలిగిస్తుంది కాబట్టి ఇంకేదో అని మరికొందరు అనుకున్నారు. ఎవరేమన్నా ఆమె "మేం యూదులమండీ" అని ఒక్క మాట చెప్పి తన పనిలో పడేది. శనివారం బడి ఉండదు, ఆదివారం ఉంటుంది. అందరిలాగా శనివారం నడపమని పెద్దమనుషులు వచ్చి చెప్పినా వినలేదు. ఆమెలో నాకు మొదట నచ్చింది అదే.

లెక్కలు, తెలుగు, సైన్సు అన్ని బళ్లలాగే చెప్పేది. ఆమె కొడుకు మా తరగతే. మేం కాపీ రాసే వేళకు వాడు వాళ్ల హీబ్రూ అక్షరాలను కుడి నుంచి ఎడమకు దిద్దేవాడు. ఐదో తరగతికి వచ్చాక వాడికి కొత్త పాఠం మొదలైంది. దారిలో ఒక వస్తువు దొరికితే అది ఎవరిది? వాళ్లలో ఆ వయసు పిల్లలకు ముందుగా చెప్పే పాఠాల్లో అదొకటట. వాడికొక్కడికే చెబుదామనుకుందట గానీ, ఆ పాఠం ఒక్కరితో సాగదు. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుని గట్టిగా వాదించుకోవాలి. అందుకని మమ్మల్నందరినీ కూర్చోబెట్టింది. నాకు జత, పక్క గూడెం నుంచి వచ్చే కోయ పిల్ల.

చెల్లాచెదురుగా పడిన గింజలు దొరికినవాళ్లవి. మూట కట్టి, ఏదో ఒక గుర్తు ఉన్నదైతే ఊరికి చాటాలి, గుర్తు చెప్పినవాళ్లకు ఇవ్వాలి. అక్కడిదాకా తేలికే. మరి మూట ఊడిపోయి సగం చెదిరితే? పోగొట్టుకున్నవాళ్లు ఇక దొరకదని ఆశ వదులుకుంటే? నేనూ మా జత పిల్లా గొంతులు చించుకునేవాళ్లం. సరిగ్గా నేను గెలుస్తున్నానని అనుకున్నప్పుడు టీచరమ్మ చప్పట్లు కొట్టి "మారండి" అనేది. అంటే ఇప్పుడు దాని మాట నాది, నా మాట దానిది. అదీ ఎదుటివాళ్లకంటే బాగా చెప్పాలి. నాకు ఒళ్లు మండిపోయేది. సందులోంచి పోయేవాళ్లు విని మా బడికి కొట్లాట క్లాసని పేరు పెట్టారు.

మిరప కోతల కాలంలో ఒక పొద్దున మా తాతయ్య చేనికి పోయి బండి మీద ఒక మిరపకాయల బస్తా వేసుకుని వచ్చాడు. రోడ్డు మలుపులో పడి ఉందట. చర్ల వైపు నుంచి ఖమ్మం మార్కెట్‌కు కాయ తీసుకుపోయే వ్యాన్లు ఆ దారినే పోయేవి. ఆ ఏడు మా చేనంతా ముడత తెగులుకు పోయింది. దేవుడే చూసి ఇచ్చాడని తాతయ్య అంటే, మా నానమ్మ గదిలో చోటు సర్దడం మొదలుపెట్టింది. నేను బస్తా చుట్టూ తిరిగి చూశాను. మూతిని నీలం దారంతో కుట్టారు, చేపల వల అల్లే దారం. అది చాలక కొసన తెల్ల దారం వేశారు. ఇంతకంటే గుర్తేం కావాలి? ఇది మనది కాదు, ఊరికి చాటాలని తాతయ్యతో చెప్పాను.

మా ఇంట్లో తాతయ్యకు ఎదురు చెప్పినవాళ్లు లేరు. ఆయన బస్తా వదిలి నా వైపు తిరిగాడు.

"నా ఇంట్ల నిలబడి నన్నే దొంగ అంటున్నవా?"

దొంగ అనలేదు, చాటాలని మాత్రమే అన్నానన్నాను. మళ్లీ అన్నాను. నానమ్మ నోరు మూసుకోమన్నా ఊరుకోలేదు. గిట్ల నేర్పే బడి మనకొద్దు, నేటి సంది బంద్ అని తాతయ్య నా రెక్క పట్టుకుని, ఆ మాట టీచరమ్మకే చెబుతానని బడికి తీసుకుపోయాడు.

గడపలో నిలబడి అనాల్సిందంతా అన్నాడు. టీచరమ్మ మధ్యలో ఆపలేదు. అయ్యాక కుర్చీ వేసి మంచినీళ్లు ఇచ్చింది.

"మాన్పించండి పెద్దాయనా, నేను అడ్డం రాను. కానీ దేన్ని మాన్పిస్తున్నారో ఒకసారి చూసి వెళ్లండి. మీ మనవరాలు మీ తరఫున మాట్లాడుతుంది. మీరు బస్తా పోగొట్టుకున్న మనిషి తరఫున మాట్లాడండి."

తాతయ్య లేచి పోతాడనుకున్నాను. పిల్లలందరూ చూస్తుంటే పోలేకపోయాడేమో, కూర్చున్నాడు.

ముందు నేను. ఏదో గొణిగాను. ఆయనకంటే బాగా చెప్పాలని టీచరమ్మ గుర్తుచేసింది. అప్పుడు నిజంగా ఆలోచించాల్సి వచ్చింది. మా నారు ఎండితే మళ్లీ తెచ్చి నాటామని చెప్పాను. వాగు నుంచి కావడితో నీళ్లు మోశామని, అయినా ముడత వచ్చి ఆకంతా ముడుచుకుపోయిందని చెప్పాను. మా మేక తప్పిపోయినప్పుడు ఊరంతా తిరిగాం, ఎవరూ తెచ్చి ఇవ్వలేదు. అందరి సొమ్మూ నేను కాపాడాలి, నా సొమ్ము ఎవరు కాపాడారు? అని తాతయ్యలాగే అడిగాను. అప్పటిదాకా ఆయన మాటలో ఇంత ఉందని నాకు తెలియదు. తాతయ్య నా వంక అదోలా చూస్తున్నాడు.

తర్వాత ఆయన వంతు. నా బస్తా నాకియ్యిండ్రి అని నవ్వులాటగా మొదలుపెట్టాడు. మీది ఏ వైపు, ఈ కాయ ఎవరు కోశారు అని టీచరమ్మ అడిగింది. చర్ల అవతల, గోదావరి ఒడ్డు, కౌలు చేను అన్నాడు. కోసింది ఇంటిల్లిపాది అన్నాడు. ఇక ఎవరూ అడగకుండానే చెప్పుకుంటూ పోయాడు. ఏరేటప్పుడు చేతుల మంట నీళ్లలో పెట్టినా పోదని, ఆ చేతులు తగిలి కళ్లు మండి పసిపిల్లలు ఏడుస్తారని, ఎండిన కాయ మీద చినుకు పడుతుందేమోనని గుండె దడదడలాడుతుందని. అవన్నీ మా తాతయ్య పడ్డవే. గొంతులో నవ్వులాట ఎప్పుడు పోయిందో నాకు తెలియలేదు.

"గిప్పటికి ఖమ్మంల వ్యాన్ దిగి చూసుకుంట. ఒక బస్తా లేదు. ఇంటికి పోయి ఏమని చెప్పాలె?"

అక్కడ ఆగిపోయాడు. ఎవరు గెలిచారో మా క్లాసులో చెప్పుకోమండీ అంది టీచరమ్మ. తాతయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. నన్ను రమ్మనలేదు.

నేను సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆయన టీ హోటల్లో, వ్యాన్ డ్రైవర్లకు, బస్సు కండక్టర్లకు చెప్పి వచ్చాడు: బస్తా దొరికింది, గుర్తు చెప్పి తీసుకుపోవచ్చని. గుర్తు మనం చెప్పొద్దు గదా అని నన్ను అడిగాడు. అవ్ తాతా, వాళ్లే చెప్పాలె అన్నాను.

ముందుగా వచ్చింది బస్తా గలవాళ్లు కాదు, మా ఊరి పటేలు. ఊళ్లో ట్రాక్టర్లన్నీ ఆయనవే. తన ట్రాలీలోంచి జారిపడిందని, తెచ్చి వేయమని చెప్పాడు. తాతయ్య అలవాటుగా లోపలికి నడిచాడు. నేను గది తలుపుకు అడ్డంగా నిలబడి, గుర్తు ఏంది పటేలా అని అడిగాను. ఆయన నా వైపు చూడలేదు. ముందుగాల నీ పోరిని అవతలికి పంపమని తాతయ్యతో అన్నాడు.

తాతయ్య నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"పోరి కాదు, నేనే అడుగుతున్న అనుకో పటేలా. గుర్తు జెప్పు, నేనే మోసుకొచ్చి ఏస్త."

గుర్తేముంటుంది, అందరిలాగే జనప దారంతో కుట్టిందని పటేలు అన్నాడు. అయితే ఇది నీది కాదని తాతయ్య అన్నాడు. గొంతు పెంచలేదు, చేతులు కట్టుకోలేదు. పటేలు ముందు చేతులు కట్టుకోకుండా ఆయన నిలబడడం నేను అదే మొదటిసారి చూశాను.

కొన్నాళ్లకు మధ్యాహ్నం బస్సు దిగి ఒకావిడ వచ్చింది. రోడ్డు పొడుగునా ఊరూరా దిగి అడుగుతూ వస్తోందట. బస్తా తక్కువైందంటే నీ లెక్కే తప్పని వ్యాన్‌వాడు అన్నాడట. తన తమ్ముడి వల దారం అడిగి కుట్టిందని, నీలం అయిపోతే తెల్లది వేసిందని, నిలబడే చెప్పింది. తాతయ్య బస్తా తెచ్చి ముందు పెట్టాడు. ఆమె కుట్టు మీద చెయ్యి పెట్టి అలాగే కూలబడింది. నానమ్మ ఆమెకు అన్నం పెట్టింది. సాయంత్రం బస్సు మీదికి బస్తాను తాతయ్యే ఎక్కించాడు.

పటేలుకు ఎదురు చెప్పినదానికి ఫలితం అనుభవించాం. ఆ ఏడు మా చేనుకు పటేలు ట్రాక్టర్ రాలేదు. నా జత పిల్ల వాళ్ల నాన్న గూడెం నుంచి ఎడ్లు తోలుకొచ్చి దున్నిపెట్టాడు. పిల్లలకు ఎదురు మాట్లాడడం నేర్పుతున్నారని కొందరు బడి మాన్పించారు. బడి గదులు ఖాళీ చేయించమని ఇంటివాళ్లకు పటేలు కబురు పంపాడు. తాతయ్య ఎవరినీ అడగకుండా మా పశువుల కొట్టం కడిగి, సున్నం వేసి, టీచరమ్మను పిలిచాడు. ఆమె భర్తకు వేరే గనికి బదిలీ అయ్యేదాకా బడి అక్కడే నడిచింది. అక్కడ కూడా శనివారం సెలవే. కొట్లాట క్లాసు మొదలయ్యే వేళకు తాతయ్య చేనికి పోవడం ఆపి గడపలో కూర్చునేవాడు. అప్పుడప్పుడు ఆగలేక తనూ దూరేవాడు.

తాతయ్య ఇప్పుడు లేడు. నేను ఖమ్మంలో ఉద్యోగం చేస్తున్నాను. గ్రామసభ ఉందంటే మాత్రం సెలవు పెట్టి ఊరికి పోతాను. నేను మాట్లాడడానికి లేవగానే కూర్చోమ్మా అనేవాళ్లు ఇప్పటికీ ఉంటారు. నిలబడే ముందు, నాకు గిట్టని మాటను ఆ మాట అన్నవాళ్లకంటే బాగా చెప్పగలనా అని నన్ను నేను అడుగుతాను. చెప్పలేకపోతే ఆ రోజు ఇంకా వింటాను. చెప్పగలిగితే ముందు వాళ్ల మాట మొత్తం వాళ్ల ముందే చెబుతాను, తర్వాత నాది చెబుతాను. అది పూర్తయ్యేదాకా నన్ను కూర్చోబెట్టగలిగినవాళ్లు ఇంతవరకు రాలేదు.