కోడి బొమ్మ బస్తా, నా టోర్టియాలు

మా అన్నయ్య పెళ్ళిని చెడగొట్టబోయింది జాతకాలు కావు, చుట్టాలు కారు. నేను. అది కూడా పొయ్యి దగ్గర నిలబడి, నవ్వుతూ, ఎంతో ఉత్సాహంగా. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతున్నాయి. మీరు హాయిగా నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే చివరిదాకా చదివి నవ్వండి. మధ్యలో ఆపేస్తే నేను కాస్త మంచిదాన్నేనేమో అని మీరు పొరబడే ప్రమాదం ఉంది.

అన్నయ్య బాపట్లలో లెక్చరర్. అదే కాలేజీలో పనిచేసే ప్రవల్లికను ఇష్టపడ్డాడు. వాళ్ళది రేపల్లె, వాళ్ళ నాన్నగారిది ఎండుచేపల వ్యాపారం. అలాంటి ఇంట్లో పుట్టిన ఆ అమ్మాయి రెండేళ్ళుగా వీగన్. చేప, మాంసం, గుడ్డు ఎలాగూ లేవు. పాలు, పెరుగు, నెయ్యి, ఆఖరికి తేనె కూడా ముట్టదు. ఒక ఆదివారం తండ్రీ కూతుళ్ళు తెనాలిలో మా ఇల్లు చూడడానికి వస్తామన్నారు. ఆ వారం మొదట్లోనే అన్నయ్య నాకు ఫోన్ చేశాడు.

"చిన్నీ, ఎక్కడికెళ్ళినా తన తిండి గురించి నలుగురూ ఎగతాళి చేస్తారంట. 'నా తిండిని వేళాకోళం చేసే ఇంట్లో నేను ఉండలేను' అని నాతో తెగేసి చెప్పింది. అమ్మేమో మర్చిపోయి నెయ్యి వేసేస్తుంది. నువ్వే చూసుకోవాలే."

"ఆవిడకేం ఇష్టం?"

"టోర్టియాలంటే ప్రాణం. మొక్కజొన్నపిండితో చేసే పల్చటి రొట్టెలు."

"ఇక నువ్వు నిశ్చింతగా ఉండు," అన్నాను. ఆ మాటతోనే వాడి నిశ్చింతకు నూకలు చెల్లాయి.

అమ్మ పక్కనుంచి అంది, "ఇడ్లీలు, అల్లప్పచ్చడి పెడితే పోదూ? అందులో పాలెక్కడున్నాయి, నెయ్యెక్కడుంది?"

"అబ్బా, ఇడ్లీలేంటమ్మా! కాబోయే వదినకి ఇడ్లీలు పెడితే మన ఇంటి గౌరవం ఏం కావాలి?"

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. టోర్టియాల మీద వీడియోలు వరసగా చూసి ఉన్నాను. అలాంటి మనిషికి కన్నతల్లి చెప్పినా ఎక్కుతుందా?

మా వీధి చివర సూపర్ మార్కెట్లో ఒకే ఒక్క టోర్టియా ప్యాకెట్ ఉంది. తిప్పి, అద్దాలు పెట్టుకుని, చిన్నచిన్న అక్షరాలన్నీ చదివాను. పాలపొడి! "ఇందులో పాలున్నాయండి, నాకొద్దు," అని కౌంటర్లో అతనికి పాఠం చెప్పినట్టు చెప్పి మరీ తిరిగిచ్చాను. నా ఈ పట్టుదలను దయచేసి గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరపడుతుంది. మొక్కజొన్నపిండి కదా అని తెల్లటి కార్న్‌ఫ్లోర్ కొనుక్కొచ్చి వేడినీళ్ళతో కలిపితే, ఎన్నికల పోస్టర్లు అంటించుకునే బంక తయారైంది. గరిటె అందులో నిలబడింది. నేను కూలబడ్డాను.

అప్పటికి శనివారం వచ్చేసింది. కొల్లూరు దగ్గర మా పిన్ని వాళ్ళకు కోళ్ళఫారం ఉందని అప్పుడు గుర్తొచ్చింది. మధ్యాహ్నం బస్సెక్కి వెళ్ళాను. షెడ్డు నిండా బస్తాలు. ఒకటి విప్పి చూస్తే లోపల పసుపుపచ్చటి పిండి, అచ్చం వీడియోలో ఉన్నట్టే. నా కళ్ళు చెమర్చాయి. పిన్ని మాత్రం కంగారుపడింది.

"అమ్మాయ్, అది కోళ్ళ దాణా! బస్తా మీద అంత కోడి బొమ్మ కనపట్టంలా?"

"మొక్కజొన్నే కదా పిన్నీ. కోడికో మొక్కజొన్న, మనిషికో మొక్కజొన్న ఉంటుందా?"

"అందులో ఏవేవో కలుపుతారే. గింజలిస్తాను, మరలో ఆడించుకో."

"ఇప్పుడు టైం లేదు పిన్నీ. కలిపితే విటమిన్లు కలుపుతారు. మంచిదేగా? నువ్వు వీగన్ గురించి వినలేదనుకుంటా."

చదువుకున్న పిల్ల అంతకంటే అన్యాయంగా ఎలా మాట్లాడుతుంది? పిన్ని ఒక సంచిలో పిండి పోసి, పైన లంక అరటిపళ్ళు ఒక అత్తం పెట్టి పంపింది.

ఇంటికొచ్చి జల్లెడ పట్టాను. జల్లెడలో బూడిదరంగు పలుకులు మిగిలాయి. పొట్టు కాబోలనుకుని పారబోశాను. పిండి ముద్దగా కలిపి, చెక్కలు ఒత్తినట్టు రెండు ప్లాస్టిక్ కవర్ల మధ్య పెట్టి ఒత్తి, ఒకటి కాల్చి చూశాను. అంతవరకూ పిట్టగోడ మీద పడుకున్న మా పిల్లి రంగి ఒక్క దూకు దూకి నా కాళ్ళ మధ్య తిరగడం మొదలుపెట్టింది.

"చూశావా అమ్మా, ఎప్పుడూ రొట్టె ముట్టని రంగి కూడా వీగన్ అయిపోయింది!"

"అదేం వాసనే?" అంది అమ్మ ముక్కు ఎగబీలుస్తూ.

"కొత్త వంట కదా, అలాగే ఉంటుంది."

ఆదివారం పొద్దున అన్నయ్యతో పాటు వాళ్ళొచ్చారు. అలసందల కూర, రెండు రకాల పచ్చళ్ళు, మధ్యలో నా టోర్టియాలు. వడ్డించే ముందు చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. "ప్రతిదీ నా కళ్ళతో చూసి చేశానండి. ఇందులో ఏ జీవికీ హాని జరగలేదు. ఒట్టు!" ఆ ఒట్టు నా నెత్తి మీద చెయ్యి పెట్టుకుని మరీ వేశాను.

ప్రవల్లిక వాళ్ళ నాన్నగారు రెండు తిని మూడోది అడిగారు. "ఏంటోనమ్మా, మా ఇంట్లో తిన్నట్టే ఉంది," అన్నారు. అన్నయ్య మూడు తిన్నాడు. ప్రవల్లిక తల వంచుకుని చిన్నచిన్న ముక్కలు తుంచుకుంటోంది. చూస్తుండగానే పళ్ళెం ఖాళీ. నేను ఇంకోటి వేశాను. అదీ ఖాళీ. అలా నాలుగు! నా ఛాతీ పట్టడానికి ఆ గది చాల్లేదు. చివర్లో ఆవిడ ఒక అరటిపండు తిని లేచింది.

చేతులు కడుక్కోవడానికి ఆవిడ పెరట్లోకి వెళితే నేను వెంటపడ్డాను.

"వదినా, ఇంకో నాలుగు కట్టివ్వనా?"

ఆవిడ కుళాయి కట్టేసి, వెనక ఎవరూ లేరని చూసుకుని మెల్లగా అడిగింది. "ఈ పిండి కోళ్ళఫారంలో తెచ్చారా అండీ?"

"మీకెలా తెలుసు?"

"మా నాన్న దగ్గర విరిగిపోయిన ఎండుచేపలన్నీ దాణా మిల్లులకే వెళ్తాయండి. పొడి కొట్టి దాణాలో కలుపుతారు. నేను ఆ వాసనలోనే పెరిగాను. మొదటి ముక్క నోటి దాకా తీసుకెళ్ళగానే తెలిసిపోయింది."

"మరి... నాలుగు తిన్నారు?"

"నేను తినలేదండి. మీ పిల్లి తింది. నా కుర్చీ కిందే ఉంది."

అప్పుడే రంగి మూతి నాక్కుంటూ గుమ్మం దాటి వచ్చింది. మా ఇద్దరి వంకా చూసి, ఎండలో పడుకుంది.

"అక్కడే చెప్పేయకపోయారా?" అన్నాను.

"మీరంత ఆశగా చూస్తుంటే అందరి ముందూ ఎలా చెప్పనండి? తిండి దగ్గర నలుగురూ నవ్వితే ఎలా ఉంటుందో నాకు తెలుసు."

సిగ్గంటే ఏమిటో ఆ కుళాయి దగ్గర తెలిసింది నాకు. పిన్నిని హేళన చేశాను, అమ్మను తీసిపారేశాను, పాలపొడి కోసం భూతద్దం పెట్టి వెతికిన మనిషిని కోడి బొమ్మ ముందు కళ్ళు మూసుకున్నాను. నా ఇంటికి వచ్చిన మనిషి నా పరువు కాపాడడం కోసం ఆకలితో కూర్చుంది. నిలబడిన చోటే ఏడ్చేశాను.

"అయ్యో, ఏడవకండి. చాలా ఆకలిగా ఉంది. మీ అమ్మగారు ఇడ్లీలేమైనా చేశారా?"

చేసింది. ఎందుకైనా మంచిదని ఒక వాయి దించి మూతపెట్టి ఉంచింది మా అమ్మ. వంటింటి గడప మీద కూర్చుని, అల్లప్పచ్చడితో ఆరు ఇడ్లీలు తిన్నది మా వదిన. అవును, వదినే. ఆ వేసవిలోనే పెళ్ళయింది.

ఈ సంగతి ఇన్నాళ్ళూ వదినకూ అమ్మకూ పిన్నికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. కాబట్టి అన్నయ్యా, నువ్వు మూడు తిన్నది కోళ్ళ దాణా. రేపల్లె మావయ్యగారూ, మీరు మెచ్చుకున్న రుచి మీ సరుకుదే. క్షమించండి.

ఇందుమూలంగా నేను మనస్ఫూర్తిగా ప్రమాణం చేస్తున్నాను: కోడి బొమ్మ ఉన్న బస్తాలోంచి మనుషులకు వంట చెయ్యను. పిన్ని వద్దంటే మానేస్తాను. వదిన వస్తే ఇడ్లీలే పెడతాను. నెత్తి మీద చెయ్యి పెట్టుకుని మాత్రం ఈ జన్మలో ఒట్టు వెయ్యను. ఈ ప్రమాణానికి ఇంట్లో ఒప్పుకోనిది రంగి ఒక్కటే. వదిన కంచం ముందు కూర్చోగానే ఇప్పటికీ పరుగున వచ్చి ఆవిడ కుర్చీ కింద కూర్చుని ఎదురుచూస్తుంది.